నేను రాయకుండా వదిలేసిన వాక్యం

నా మొదటి ఉద్యోగం ఇతరుల మాటలు వినడం. పోలీసు శాఖలో తెలుగు షార్ట్‌హ్యాండు రాసేవాణ్ని. సభల్లో ఎవరు ఏం మాట్లాడినా గీతల్లో పట్టుకుని, సాయంత్రం స్టేషనులో కూర్చుని మామూలు తెలుగులోకి ఎత్తి రాసి, ఇన్‌స్పెక్టరు గారికి ఇవ్వాలి. మద్రాసులో ఏడాదిపాటు నేర్పించారు. చేతివేగం ఎంత ముఖ్యమో ముఖం కూడా అంతే ముఖ్యమని అక్కడ చెప్పేవారు. సభంతా నవ్వినా నేను నవ్వకూడదు. చప్పట్లు మోగుతున్నా నా చేయి కాగితం మీదే ఉండాలి. ఇరవై మూడేళ్లు వచ్చేసరికే నాకది బాగా అలవాటైపోయింది.

మాది దర్శి దగ్గర ఊరు. అప్పట్లో దర్శి నెల్లూరు జిల్లా, నన్ను వేసిన మార్కాపురం కర్నూలు జిల్లా. మధ్యలో ఒక పగటి ప్రయాణమే అయినా మాట మారిపోయేది. మా వైపు ‘వచ్చాడు’ అంటే ఇక్కడ ‘వచ్చినాడు’. మొదట్లో తడబడ్డాను కానీ, నెల తిరిగేసరికి చెవి అలవాటుపడింది. అయితే ఎత్తి రాసేటప్పుడు మాత్రం అంతా గ్రాంథికంలోకి దిద్దేవాణ్ని. పైవాళ్లకు అలాగే కావాలి. పలకల గనిలో రాయి కొట్టే మనిషి మాట్లాడినా, కోర్టులో వాదించే ప్లీడరు మాట్లాడినా, నా కాగితం మీదికి వచ్చేసరికి ఇద్దరూ ఒకే పంతులు దగ్గర చదువుకున్నట్టు ఉండేవారు.

సభలు పెట్టేవాళ్లకు నేనెవరో తెలుసు. దాచేదేమీ లేదు. వేదిక కిందే నాకొక స్టూలు, చిన్న బల్ల వేసేవారు. ఊళ్లో ఒక ప్లీడరు గారుండేవారు. నలభై దాటిన మనిషి, ఎప్పుడూ ఖద్దరే. ఆయన సభ మొదలుపెట్టే ముందు నా బల్ల దగ్గరికి వచ్చి, మంచినీళ్లు పెట్టారా లేదా అని చూసి వెళ్లేవారు.

“ఏంది సార్, మా మాటలకు కేసులు పెట్టేవాళ్లకు మీరు మర్యాదలు చేసేది?” అని ఎవరో ఒకసారి అడిగితే, ఆయన నవ్వి, “మన మాట సరిగ్గా రాసుకోవాలంటే ఆ పిల్లోడు సుఖంగా కూర్చోవాల గదా,” అన్నారు. అందరూ నవ్వారు. నేను నవ్వలేదు.

ముప్పై తొమ్మిదిలో యుద్ధం వచ్చింది. యుద్ధానికి వ్యతిరేకంగా నోరు తెరిస్తే నేరమని కొత్త నిబంధనలు వచ్చాయి. మరుసటి ఏడాది ప్లీడరు గారు అధికారులకు ఒక ఉత్తరం రాశారు. ఫలానా సంతరోజున, ఫలానా చోట, సాయంత్రం నాలుగు గంటలకు నిలబడి, మా దేశాన్ని అడగకుండా యుద్ధంలోకి దించడం తప్పని చెప్పబోతున్నాను, మీరు తీసుకోవలసిన చర్య తీసుకోండి అని ఆ ఉత్తరం. ఆ నెలల్లో దేశమంతటా అట్లాంటి ఉత్తరాలు వెళుతున్నాయని తర్వాత తెలిసింది. అప్పటికి నేను చూసిన మొదటిది అదే. చేయబోయే నేరానికి చోటూ వేళా తానే రాసి పంపిన మనిషి అక్షరాలను స్టేషనులో కూర్చుని రెండుసార్లు చదివాను. ఆ అక్షరాల్లో ఎక్కడా వణుకు లేదు.

ఆ రోజు సంత మామూలుగానే సాగుతోంది. మిరపకాయల రాశులు, జొన్నల బస్తాలు, అడవి అంచు నుంచి వచ్చినవాళ్ల తేనె కుండలు, చింతపండు బుట్టలు. మూడున్నరకే నేను నా స్టూలు మీద కూర్చున్నాను. ఇన్‌స్పెక్టరు గారు నలుగురు కానిస్టేబుళ్లతో వేపచెట్టు నీడలో నిలబడ్డారు. నాలుగు కొట్టేసరికి ప్లీడరు గారు ఒక్కరే నడిచి వచ్చారు. వేదికేమీ లేదు. ఎవరో బోర్లించిన గంప మీదికి ఎక్కి, చేతులు జోడించి, “అక్కలారా, అన్నలారా, ఈ యుద్ధానికి మనిషినిచ్చినా, రూపాయినిచ్చినా తప్పు. ఎందుకంటే...” అన్నారు.

అంతే. ఇన్‌స్పెక్టరు గారు వచ్చి భుజం మీద చేయి వేశారు. ప్లీడరు గారు గంప దిగి ఆయన వెంట నడిచి వెళ్లిపోయారు. ఇద్దరు కానిస్టేబుళ్లు వాళ్లతో పోయారు. ఇద్దరు మిగిలారు. నా కాగితం మీద ఒకటిన్నర వాక్యం ఉంది.

జనం కదల్లేదు. బేరాలు కూడా ఆగిపోయాయి. అప్పుడు గుంపులోంచి ఒక ఆడమనిషి ముందుకొచ్చింది. యాభై ఏళ్లుంటాయి. సన్నగా, పొడుగ్గా ఉంది. కూలిపని చేసి కాయలు కాచిన చేతులు. ఆదివారం చర్చికి కట్టుకునే తెల్లచీర కట్టుకుని, మోకాళ్ల దాకా దుమ్ముతో ఉంది. ఆమె గంప ఎక్కలేదు. దాని పక్కన నిలబడింది.

“ఆయనేమి చెప్తాడో ఇనాలని పెద్దారవీడు అవతల నుంచి నడిచి వచ్చినా,” అంది. గొంతు పెద్దదేమీ కాదు. అయినా చివరి వరస దాకా వినపడింది, ఎందుకంటే ఇంకెక్కడా చప్పుడు లేదు. “ఎందుకంటే అన్నాడు. ఆ ఎందుకో చెప్పనీకుండా తోలుకపోయినారు. చదువుకున్నాయన. ఆయనకే మాట లేకపోతే మాకేముంటాది? నా కొడుకు పట్టాళంలో చేరినాడు. ఎవరూ ఈడ్చుకపోలేదు, కడుపుకు లేక వాడే పోయినాడు. ఆ యుద్ధం మంచిదో చెడ్డదో నాకు తెలీదు. మంచిదే అయ్యుండొచ్చు. కానీ పిల్లోళ్లను కన్నోళ్లం మేము. మమ్మల్ని ఒక మాట అడిగినారా? మీరు చెప్పండి, మిమ్మల్నెవరన్నా అడిగినారా?”

కానిస్టేబుళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఆమెను ఆపమని వాళ్లకు ఎవరూ చెప్పలేదు. ఆమె ఆడవాళ్లు కూర్చున్న వైపు తిరిగింది.

“మనల్ని అడిగిందాకా ఇంకొక బిడ్డను పంపొద్దండమ్మా.”

ఆ మాట అన్నాక ఆమె నోటిమీద చేయి పెట్టుకుంది. తన నోటి నుంచి ఏం వచ్చిందో తానే విన్నట్టు ఒక్క క్షణం నిలబడిపోయింది. నా చేయి దానంతట అదే గీతలు గీసింది. కానీ నా ముఖం నా అదుపులో లేదని నాకు తెలుస్తోంది. ఎన్నో సభలు విన్నాను. గంటల తరబడి గర్జించే వక్తలను విన్నాను. ఎప్పుడూ ఒళ్లు జలదరించలేదు. గంప ఎక్కడానికి కూడా మొహమాటపడిన మనిషి మాటకు నా చేతి వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి.

కానిస్టేబుళ్లు తేరుకుని ఆమె రెక్క పట్టుకున్నారు. “నడువ్ నడువ్,” అన్నారు. ఆమె నడిచింది.

ఆ సాయంత్రం స్టేషనులో లాంతరు పెట్టుకుని ఎత్తి రాయడానికి కూర్చున్నాను. అవతల గదిలో ఆమె గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. ఇన్‌స్పెక్టరు గారు ఆమె మాటలు వినలేదు, అప్పటికే ప్లీడరు గారితో వెళ్లిపోయారు. కానిస్టేబుళ్లకు ఏదో యుద్ధం గురించి అన్నదని తప్ప ముక్కముక్కా గుర్తులేదు. కేసంతా నా కాగితం మీద ఉంది. నాకు ఆ నిబంధనలు కంఠతా వచ్చు. అడిగినారా అని అడగడం వరకు మేజిస్ట్రేటు చూసీచూడనట్టు వదిలేయవచ్చు. కానీ బిడ్డలను పంపొద్దని చెప్పడం పట్టాళంలో చేరేవాళ్లను ఆపడం. దానికి జైలే.

మా అమ్మ వయసు మనిషి. నేను ఆ చివరి వాక్యం రాయలేదు. “మమ్ము ప్రశ్నించితిరా?” అన్నదగ్గర ఆపి, కింద గీత గీసి, సంతకం పెట్టాను. మంచిపని చేశానన్న తృప్తితో ఆ పూట అన్నం తిన్నాను.

నాలుగు రోజుల తర్వాత తాలూకా కచేరీలో సబ్ మేజిస్ట్రేటు ముందు కేసు వచ్చింది. మేజిస్ట్రేటు పెద్దవయసాయన, ఇంకో ఏడాదిలో రిటైరయ్యేవాడు. ప్లీడరు గారికి అదే గదిలో ముందురోజే శిక్ష వేసి పంపారు. రోజూ తన ముందు వాదించే మనిషికి శిక్ష వేయాల్సి వచ్చినందుకో ఏమో, ఆయన ముఖం వాడిపోయి ఉంది. ఆమె బోనులో నిలబడింది. అదే తెల్లచీర. ఆమె తరఫున ఎవరూ లేరు. చర్చి పాస్టరు గారు వెనక బెంచీ మీద కూర్చుని, తల వంచుకుని ఉన్నారు. మాట్లాడవద్దని ఆయన ఆమెకు ముందే చెప్పి చూశారట.

నేను ప్రమాణం చేసి నా ప్రతి చదివాను. చదవడం అయ్యాక మేజిస్ట్రేటు కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు.

“ఇందులో మరీ అంత పెద్ద నేరమేమీ కనపడటం లేదు,” అన్నారు. “ఏమ్మా, ఇవి నువ్వన్న మాటలేనా? ఇంకెప్పుడూ ఇట్లా సంతలో మాట్లాడనంటే, మందలించి ఇంటికి పంపిస్తాను.”

ఆమె నావైపు చూస్తోంది. “ఇంకోసారి చదవమనండయ్యా.”

మేజిస్ట్రేటు తల ఊపారు. నేను మళ్లీ చదివాను. ఆమె కళ్లు మూసుకుని విన్నది. ఒక్కో మాటకు పెదవులు కదులుతున్నాయి. అయ్యాక కళ్లు తెరిచింది.

“నేనట్ల మాట్లాడలేదయ్యా. ప్రశ్నించితిరా అని నాకు మాట్లాడను రాదు. అడిగినారా అన్నా. అట్లనే రాయమనండి. ఇంకొకటి. నేనొక మాట ఎక్కువ చెప్పినా. అది ఏడబోయింది?”

మేజిస్ట్రేటు తొందరగా అందుకున్నారు.

“చూడమ్మా, ఉన్నది చాలు. లేనిదాని గురించి నిన్నెవరూ అడగటం లేదు.”

“లేనిది గాదయ్యా, అన్నదే. మనల్ని అడిగిందాకా ఇంకొక బిడ్డను పంపొద్దండమ్మా అన్నా. సంతలో అందరూ ఇన్యారు.”

వెనక నుంచి పాస్టరు గారు ఆపుకోలేక, “అమ్మా, ఊరుకో,” అన్నారు.

ఆమె వెనక్కి తిరిగి, “అయ్యగారూ, దేవుని ముందర నిలబడి సగం మాటే చెప్పమంటారా?” అంది. కోపంగా కాదు, నిజంగానే తెలుసుకోవాలన్నట్టు అడిగింది.

మేజిస్ట్రేటు నన్ను చూశారు. “నీ నోటుబుక్కులో ఈ మాట ఉందా?”

లేదంటే అయిపోయేది. ఆ గీతలు చదవగలిగినవాడు ఆ తాలూకాలో నేనొక్కణ్నే. ఆమె నావైపే చూస్తోంది. ఆ చూపులో బెదిరింపు లేదు, బతిమాలడం లేదు. తన వస్తువు ఎవరి దగ్గరుందో తెలిసిన మనిషి చూపు అది.

“ఉందండి,” అన్నాను.

“మరి ప్రతిలో ఎందుకు లేదు?”

“నేనే వదిలేశానండి.”

“చదువు.”

నోటుబుక్కు తెరిచి చదివాను. ఆమె అన్నది అన్నట్టే, ‘పంపొద్దండమ్మా’ అనే చదివాను. ఆ గదిలో అట్లాంటి తెలుగు అంతకుముందు ఎవరూ పైకి చదివి ఉండరు. ఆమె తల ఊపి, “అదీ. అది నాది,” అంది.

మేజిస్ట్రేటు తీర్పు రాయడానికి చాలాసేపు పట్టింది. మూడు నెలలు. వేలూరు ఆడవాళ్ల జైలు.

రైలు సాయంత్రానికి. అప్పటిదాకా ఆమెను కచేరీ వరండాలో కూర్చోబెట్టారు. నేను దగ్గరికి వెళ్లాను.

“మిమ్మల్ని కాపాడదామనుకున్నానమ్మా,” అన్నాను. అన్న తర్వాత నాకే తట్టింది. కూలికి వెళ్లే ఏ ఆడమనిషినీ నేను అప్పటిదాకా ‘మీరు’ అనలేదు. ఎవరూ అనగా వినలేదు కూడా.

“తెల్సు నాయనా. నీది మంచి మనసే,” అంది. “కానీ ఒక మాట ఇను. ఆ మిగతాదంతా నేను నడిచి వచ్చేటప్పుడు దావలో అనుకున్నా. ఆ ఆఖరిది అనుకోలేదు. నోట్లోంచి వచ్చినాక నాకే భయమేసింది. చిన్నప్పట్నుంచి ఆసామి చెప్పింది, మా ఆయన చెప్పింది, అయ్యగారు చెప్పింది చెప్పుకుంటా వచ్చినా. నా అంతట నేను అన్నది అదొక్కటే. దాన్ని నువ్వు తీసేస్తివి. వాళ్లు ప్లీడరయ్యను మాట్లాడనియ్యకుండా తోలుకపోయినారు. నువ్వు మంచితనంతో చేసినావు గానీ, చేసింది అదేగా.”

ఆ మాటకు నాకు తలెత్తబుద్ధి కాలేదు. అప్పటిదాకా నోళ్లు మూయించేది ఇన్‌స్పెక్టరు గారనీ, నేను రాసుకునేవాణ్ని మాత్రమేననీ అనుకున్నాను. జాలిపడి ఒకరి మాట తీసేయవచ్చని, అలా తీసేయడం కూడా దొంగతనమేనని నాకు చదువు చెప్పిన ఎవరూ చెప్పలేదు.

నా మీద విచారణ జరిగింది. ఉద్యోగం పోలేదు కానీ సభల పని తీసేసి గిద్దలూరు స్టేషనుకు వేశారు. మేకలు రిజర్వు అడవిలో పడ్డ కేసులు, పొలంగట్ల తగాదాలు, అట్లాంటివి రాసేవాణ్ని. అక్కడ నాకొక కొత్త అలవాటు వచ్చింది. ఎవరు వాంగ్మూలం ఇచ్చినా వాళ్ల మాటల్లోనే రాసి, రాసింది వాళ్లకు చదివి వినిపించేవాణ్ని. ఒకరోజు నల్లమలలో తేనె తీసే చెంచు మనిషొకాయన ఏదో చిన్న ఫిర్యాదుతో వచ్చాడు. నేను చదువుతుంటే నేలమీద కూర్చున్నవాడు మెల్లగా లేచి నిలబడ్డాడు. “ఇదంతా నేను చెప్పిందేనా? ఆ కాగితంలో ఉండాదా?” అన్నాడు. ఉందన్నాను. “ఇంకొకసారి చదువు నాయనా,” అని, పక్కనున్న భార్యను దగ్గరికి పిలిచి వినిపించాడు. మూడుసార్లు చదివించుకున్నాడు. ఆ ఫిర్యాదు ఏమైందో నాకిప్పుడు గుర్తులేదు. ఆ మనిషి లేచి నిలబడటం మాత్రం మర్చిపోలేదు.

యుద్ధం ముగిసింది. జైళ్ల నుంచి నాయకులు బయటికొచ్చారు. ఎన్నికలు వచ్చాయి. సభలు ఎక్కువై షార్ట్‌హ్యాండు రాసేవాళ్లు చాలక నన్ను మళ్లీ మార్కాపురం పంపారు. ప్రభుత్వం మారబోతోందని అందరికీ తెలుసు, అయినా నా బల్లా స్టూలూ అట్లనే ఉన్నాయి. ప్లీడరు గారు జుట్టు నెరిసి, చిక్కిపోయి, ఊరంతటికీ దేవుడిలా అయిపోయారు.

ఆయన పక్షానికి పోటీగా ఒక పెద్ద ఆసామి నిలబడ్డాడు. యుద్ధకాలంలో ఊరూరా తిరిగి కుర్రవాళ్లను పట్టాళంలో చేర్పించినవాడు. అదే సంత మైదానంలో ఆయన సభ పెట్టాడు. నోరు తెరవగానే గోల మొదలైంది. “దిగు! దొరల బంటూ, దిగు!” అని కేకలు. డబ్బా రేకులు వాయించారు. మట్టిబెడ్డలు పడ్డాయి. ఒకటి నా బల్లకు తగిలింది. కేకలు వేసేవాళ్లంతా ప్లీడరు గారి మనుషులే. ఆయన కొంచెం దూరంలో, ఒక దుకాణం అరుగు మీద నిలబడి ఉన్నారు. వద్దనలేదు, కానీ కానియ్యమనీ అనలేదు. ఆసామి పెదవులు కదులుతున్నాయి, నాకు ఒక్క ముక్క వినపడటం లేదు. ఖాళీ కాగితం ముందు కూర్చున్నాను.

అప్పుడు ఆమె కనిపించింది. గుంపును రెండు చేతులతో తోసుకుంటూ వస్తోంది. ఐదేళ్లలో బాగా ముసలిదైపోయింది. ఆమెకు ఓటు లేదు. పన్ను కట్టేవాళ్లకూ చదువుకున్నవాళ్లకూ తప్ప అప్పుడు ఓటెక్కడిది? కొడుకు యుద్ధం నుంచి తిరిగొచ్చాడని, ఒక కాలు ఈడ్చి నడుస్తూ పలకల పనికి వెళుతున్నాడని అంతకుముందే విన్నాను. ఆ కొడుకును పట్టాళంలో చేర్పించింది ఈ ఆసామే. ఆమె చేతిలో కూడా రాయి ఉంటుందేమోనని ఒక్క క్షణం అనుకున్నాను.

ఆమె నేరుగా ప్లీడరు గారు నిలబడ్డ అరుగు దగ్గరికి వెళ్లింది.

“అయ్యా, నిన్ను తోలుకపోయిన దినం నేను ఈడనే ఉంటి. నువ్వు ఎందుకంటే అన్నావు. ఆ మాట ఇనాలని ఎంత తపించినానో నీకు తెలీదు. ఇయ్యాల ఆయన్ను నీ మనుషులు నోరెత్తనియ్యకపోతే నువ్వు చూస్తా నిలబడినావే?”

“అక్కా, నీ కొడుకును...” అన్నారు ప్లీడరు గారు.

“నా కొడుకు కాలు నాకు తెలుసులే. ఆయన చెప్పేది తప్పే. నేను ఇని, తప్పని నా నోటితో చెప్తా. ఇనకుండా ఎట్ల చెప్పేది?”

ప్లీడరు గారి ముఖం ఎర్రబడింది. ఆయన అరుగు దిగి, నడిచి వెళ్లి, ఆసామి ఎక్కిన బండి పక్కన, రాళ్లు పడే చోట, జనం వైపు తిరిగి నిలబడ్డారు. డబ్బాలు ఒకటొకటిగా ఆగిపోయాయి.

ఆసామి మాట్లాడాడు. ముప్పావుగంట. పేలవంగానే మాట్లాడాడు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. నేను ప్రతి ముక్కా రాసుకున్నాను. ఆయన ముగించగానే ఆమె చేయెత్తింది.

“మా పిల్లోళ్లను పంపమని మా గడపల్లోకి వచ్చినావు గదయ్యా. నీ పిల్లోళ్లు నలుగురిలో ఎంతమందిని పంపినావు?”

నవ్వు లేవలేదు. అందరూ జవాబు కోసం చూశారు. ఆసామి కండువాతో ముఖం తుడుచుకున్నాడు. “పంపలేదమ్మా,” అన్నాడు చివరికి. మామూలు రోజున ఊరి బయట ఆమె పేటలోని మనిషికి, అంటు పేరు చెప్పి, పది గజాల దూరం నుంచి తప్ప మాట చెప్పేవాడు కాదు. ఇప్పుడు నాలుగు వందల మంది ముందు ఆమెకు జవాబు చెప్పాడు.

“అంతే, అడిగినా,” అంది ఆమె.

జనం విడిపోతుంటే ఆసామి బండి దిగాడు. ఆమె ఎదురుగా ఉంది. దారి ఇరుకు, అటూ ఇటూ మిరపకాయల బస్తాలు. అట్లాంటి చోట తప్పుకోవలసింది ఎప్పుడూ ఆమె పేటవాళ్లే. ఆయన ఒక్క క్షణం ఆగి, పంచె కుచ్చెళ్లు చేత్తో పట్టుకుని, బస్తాలకు ఆనుకుని పక్కకు జరిగాడు. ఆమె ఆయన ముఖం వైపు ఒకసారి చూసి, తలమీద కొంగు సర్దుకుని, పెద్దారవీడు దారి పట్టింది.